పిల్లికూన తండ్రి: హజ్రత్ అబూ హురైరా (రజి)

ఇస్లామీయ వాఙ్మయంలో అత్యధిక సంఖ్యలో హదీసులను లోకానికి అందించిన మహనీయుడు హజ్రత్ అబూ హురైరా (రజి). ముహమ్మద్ ప్రవక్త (స) వారి మాటలను, నడవడిని స్వయంగా చూచి, విని, జ్ఞాపకముంచుకొని తరువాతి తరాలకు చెప్పిన సహాబీలలో ఆయనది అగ్రస్థానం. అయినా ఆయన అసలు పేరేమిటని అడిగితే చదువుకొన్నవారు సైతం తడుముకొంటారు. ఇస్లాం స్వీకరించక పూర్వం ఆయన పేరు అబ్ద్ షమ్స్ అనీ, తరువాత అబ్దుర్రహ్మాన్ అనీ చరిత్రకారులలో అధికసంఖ్యాకుల అభిప్రాయం. ఆ రెండు పేర్లూ గ్రంథాలలోనే మిగిలిపోయాయి. లోకుల నాలుకపై నిలిచింది మూడవ పేరు. అరబ్బీ భాషలో అబూ అంటే తండ్రి, హురైరా అంటే చిన్న పిల్లి. ఒక పిల్లికూనను చేరదీసినందుకు వచ్చిన ముద్దుపేరే పదునాలుగు వందల సంవత్సరాలుగా ఆ మహనీయునికి శాశ్వతనామమైంది.

ఈ సంచికకు ఆయన జీవితాన్నే మేము ఎన్నుకొనడానికి ఒక కారణం కలదు. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోను, ఆ తరువాత నిర్మల్ జిల్లాలోను చేరిన బాసర, గోదావరి ఒడ్డున వెలసిన విద్యాక్షేత్రం. జ్ఞాన సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం జరిపించడానికి తల్లిదండ్రులు పసిపిల్లలను ఎత్తుకొని నిత్యం వస్తూ ఉంటారు. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయస్సులో మన ముస్లిం కుటుంబాలలో జరిపే బిస్మిల్లా వేడుక వంటిదే అదీ. నిత్యం కొత్తవారు వచ్చిపోయే ఇటువంటి ఊరిలో, సత్రాల వెనుక, హోటళ్ల పెరళ్లలో, మిగిలిన మెతుకులను ఆశ్రయించి బ్రదికే పిల్లులు కూడా ఉంటాయి. వానకాలంలో తడిసి ముద్దయిన కూన ఒకటి గుమ్మంలో నిలిచి అరిస్తే, కాదనలేని ఇల్లాలు దానిని లోపలికి తెచ్చుకొంటుంది.

ఆ ఇంట్లో అంతకు ముందే మరొక పిల్లి ఉన్నదనుకొందాం. చిక్కు అక్కడే మొదలవుతుంది. పాత పిల్లి బుసకొడుతుంది, అన్నం మానుతుంది, అటక ఎక్కి దిగి రాదు, ఒక్కొక్కప్పుడు ఇల్లే విడిచిపోతుంది. ఇంటివారు పాతదానికి పొగరెక్కిందని కర్ర తీయడమో, కొత్తదానిని గోనెసంచిలో వేసి ఊరి బయట వదలి రావడమో చేస్తారు. దయతో మొదలైన పని నిర్దయతో ముగుస్తుంది. దయ కలగడం ఒక యెత్తు, దానిని సక్రమంగా నెరవేర్చడం మరొక యెత్తు. ఆ రెండవ దానికి అబూ హురైరా (రజి) జీవితంలో మంచి పాఠాలు ఉన్నవని మా విశ్వాసం.

ఆయన దక్షిణ అరేబియాకు చెందిన దౌస్ తెగవారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయారు. పేదరికం వలన బుస్రా బింతె గజ్వాన్ అనే స్త్రీ వద్ద కేవలం కడుపు కూటికి కూలివానిగా పనిచేశారు. ఆ కుటుంబంవారు వాహనాలెక్కి ప్రయాణం చేస్తుంటే ఆయన నడచి వెంట వెళ్లేవారు. వారు మజిలీ చేసినప్పుడు సేవలు చేసేవారు. కాలచక్రం తిరిగి, తరువాతి రోజులలో అదే బుస్రా ఆయనకు భార్య అయింది. ఆ సంగతిని ఆయన దాచుకొనలేదు. అల్లాహ్ తనపై చూపిన అనుగ్రహాలలో ఒకటిగా కృతజ్ఞతతో చెప్పుకొనేవారు.

తన వారి గొర్రెలను మేపే రోజులలో ఆయనకు ఒక పిల్లికూన ఉండేది. పగలు దానిని వెంట తీసుకొని వెళ్లి దానితో ఆడుకొనేవారు. రాత్రి కాగానే దానిని ఒక చెట్టు మీద పెట్టేవారు. తెల్లవారగానే మరల దింపుకొనేవారు. అది చూచిన వారు ఆయనను పిల్లికూన తండ్రి అని పిలవసాగారు. హదీసు గ్రంథకర్త తిర్మిజీ ఈ వృత్తాంతాన్ని ఆయన నోటి మాటగానే పొందుపరచారు.

ఈ చిన్న కథలో ఒక విశేషాన్ని పాఠకులు గమనించగలరు. ఆ కాపరి కూనను చేరదీసి ఊరుకొనలేదు. రాత్రికి దానికొక చోటు చూచారు. నేల మీద మంద ఉన్నది, చీకటిలో మృగభయం ఉన్నది. ఎత్తున ఉన్న కొమ్మ పిల్లి స్వభావానికి అనుకూలం. ఎవరికీ అడ్డు రాని, ఎవరి వలనా హాని లేని చోటు అది. తన ముద్దు తీర్చుకొనడానికి పగలంతా ఉన్నది. రాత్రి దాని క్షేమానికి కేటాయించినది. ఆశ్రయమిచ్చేవాడు తన సంతోషాన్ని, ఆశ్రయం పొందే ప్రాణి అవసరాన్ని వేరువేరుగా తూచి చూడాలని ఆ కొమ్మ మనకు చెబుతున్నది.

దౌస్ తెగలో మొట్టమొదట ఇస్లాం స్వీకరించిన తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) బోధ వలన అబూ హురైరా (రజి) ధర్మమార్గంలోకి వచ్చారు. హిజ్రీ 7వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 628–629 ప్రాంతంలో, ఖైబర్ సంఘటన జరుగుతున్న రోజులలో మదీనా చేరుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి సంవత్సరాలకు అటూ ఇటూ. చేతిలో ధనం లేదు, ఊరిలో బంధువు లేడు, తలదాచుకొనడానికి ఇల్లు లేదు. నిన్నటి వరకు పిల్లికూనకు చెట్టుకొమ్మను చూపిన వ్యక్తి నేడు తానే పరుల ఊరిలో నీడ వెదుక్కొనవలసి వచ్చింది.

కొత్తవారిని కలుపుకొనడం మదీనా నగరానికి కొత్త కాదు. క్రీ.శ. 622లో మక్కా నుండి సర్వం విడిచి వచ్చిన ముహాజిర్లకును, మదీనా వాస్తవ్యులైన అన్సార్లకును ప్రవక్త (స) సోదరబంధం ఏర్పరచారు. అందరినీ ఒక్కుమ్మడిగా ఊరి మీద వదలక, ఒక్కొక్క కొత్తవానికి ఒక్కొక్క పాతవానిని జతపరచిన ఏర్పాటు అది. సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం పంచి ఇస్తానంటే, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను దీవించి, తనకు బజారు దారి చూపితే చాలునన్నారు. ఇచ్చేవాని ఔదార్యం, పుచ్చుకొనేవాని సంయమనం రెండూ కలిసినందువల్లనే ఆ బంధం నిలిచింది.

ఇల్లూ వాకిలీ లేని వారి కొరకు మస్జిదె నబవీలో సుఫ్ఫా అనే చోటు ఉండేది. ఖర్జూరపు మట్టలతో కప్పిన నీడ అది. అక్కడ ఉండేవారిని అస్హాబె సుఫ్ఫా అనేవారు. వారిలో డెబ్బది మందిని తాను చూచాననీ, ఒక్కరికైనా పైన కప్పుకొనే ఉత్తరీయం లేదనీ అబూ హురైరా (రజి) చెప్పారు. ఆయనకూ అదే నివాసమైంది. అది ఎవరి ఇంటినీ ఇరుకు చేయని చోటు. అయినా ఊరి నడిబొడ్డున, ప్రవక్త (స) వారి ఇంటి పక్కన ఉన్న చోటు. వచ్చినవారు అక్కడ ఉండి ఊరికి అలవాటు పడేవారు. ఊరూ వారికి అలవాటు పడేది.

సుఫ్ఫాలో ఆకలి నిత్యసహచరి. కడుపు మంట భరించలేక అబూ హురైరా (రజి) పొట్టకు రాయి కట్టుకొన్న రోజులున్నవి. ఒకనాడు జనం నడిచే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూబకర్ (రజి) అటు వచ్చారు. ఖుర్ఆన్ వాక్యం ఒకటి అడిగారు, తన ముఖం చూచి ఇంటికి పిలుస్తారేమోనని. ఆయన చెప్పి వెళ్లిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) వచ్చారు, అట్లే జరిగింది. తరువాత ప్రవక్త (స) వచ్చారు. ముఖం చూడగానే సంగతి గ్రహించి, చిరునవ్వుతో వెంట రమ్మన్నారు. ఇంటిలో ఎవరో కానుకగా పంపిన పాల పాత్ర ఉన్నది. ఇక తన ఆకలి తీరినట్లేనని అబూ హురైరా (రజి) ఎదురుచూచారు. అయితే ప్రవక్త (స) సుఫ్ఫాలోని వారినందరినీ పిలుచుకొని రమ్మన్నారు.

ఆ క్షణంలో ఆయన మనస్సు కలత చెందింది. ఉన్నది ఒక్క పాత్ర, వచ్చేవారు ఎందరో, పంచవలసిన వాడు తానే కాబట్టి తన వంతు చిట్టచివర. తనకేమి మిగులుతుంది? ఈ శంకను ఆయన తరువాతి తరాలకు దాపరికం లేకుండా చెప్పడమే ఆయన గొప్పతనం. ఆజ్ఞ పాటించి అందరినీ పిలిచారు. పాత్రను ఒక్కొక్కరికీ అందించారు. ప్రతివాడూ తృప్తిగా త్రాగి తిరిగి ఇచ్చాడు. అందరి వంతూ ముగిసిన పిమ్మట ప్రవక్త (స) ఆయనను కూర్చుండి త్రాగమన్నారు. త్రాగారు. ఇంకా త్రాగమన్నారు. కడుపులో ఇక చోటు లేదని చెప్పేదాకా త్రాగించి, మిగిలినది చివరకు ప్రవక్త (స) తాము సేవించారు.

విశ్వాసులకు ఇది ప్రవక్త (స) వారి మహిమ. సంసారులకు ఇందులో మరొక పాఠం కలదు. ముందునుండి ఉన్నవాని భయం దుర్మార్గం నుండి పుట్టేది కాదు; నాకేమి మిగులుతుందన్న ఆకలి నుండి పుట్టేది. ఆ భయాన్ని మందలించి పోగొట్టలేము. అతని వంతు అతనికి పూర్తిగా అందిననాడు అది తానే పోతుంది. పాల పాత్ర నాడు ప్రవక్త (స) అబూ హురైరా (రజి) శంకను తప్పుపట్టలేదు. ఆయనను మరచిపోనూ లేదు.

ప్రవక్త (స) వారి సన్నిధిలో ఆయన గడపినది నాలుగేళ్లకు మించదు. అంత స్వల్పకాలంలో అన్ని హదీసులు ఎట్లు నేర్చారని ఆయన జీవితకాలంలోనే కొందరు సందేహించారు. ముహాజిర్లు బజారులో వ్యాపారాలతోను, అన్సార్లు తమ తోటల పనులతోను తీరిక లేక ఉంటే, తాను కడుపు నిండినంత తిండితో సరిపెట్టుకొని ప్రవక్త (స) వారిని విడువక ఉన్నానని ఆయన సమాధానమిచ్చారు. మరపు ఎక్కువగా ఉన్నదని మొర పెట్టుకొన్నప్పుడు ప్రవక్త (స) ఆయన చేత వస్త్రం పరపించి, దానిని దగ్గరకు హత్తుకొమ్మన్నారనీ, నాటి నుండి విన్నది మరువలేదనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. పునరుక్తులతో కలిపి ఆయన చెప్పిన హదీసుల సంఖ్యను పండితులు 5374గా లెక్కించారు.

తల్లి విషయంలో ఆయన పడిన వేదన వేరు. ఆమె చాలాకాలం ఇస్లాం స్వీకరించలేదు. ఒకనాడు ప్రవక్త (స) వారిని గురించి కటువుగా మాట్లాడింది. ఆయన ఆమెతో కలహించలేదు. కన్నీటితో వెళ్లి ఆమె కొరకు ప్రార్థించమని ప్రవక్త (స) వారిని వేడుకొన్నారు. తిరిగి ఇల్లు చేరేసరికి తలుపు మూసి ఉన్నది, లోపల నీళ్ల చప్పుడు వినిపించింది. ఆమె స్నానం చేసి వచ్చి, తలుపు తెరచి విశ్వాసవాక్యం పలికింది. మొదట దుఃఖంతో ఏడ్చిన కుమారుడు ఈసారి ఆనందంతో ఏడ్చాడు.

మూగజీవాల యెడల మానవుని బాధ్యతను తెలిపే హదీసులు కొన్ని ఆయన ద్వారా మనకు అందాయి. ఒక స్త్రీ పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, అది బయట తిరిగి పురుగూ పుట్రా ఏరుకొని తినే వీలైనా ఇవ్వక చంపినందుకు నరకానికి పాత్రురాలైన కథ వాటిలో ఒకటి. దప్పికతో మన్ను నాకుతున్న కుక్కను చూచి, బావిలోకి దిగి, తన మేజోడులో నీరు నింపి, నోట కరచుకొని పైకి తెచ్చి త్రాగించిన బాటసారి పాపాలు క్షమింపబడిన కథ మరొకటి. మరొక సహాబీ అబూ ఖతాదా (రజి) తన వజూ నీటి పాత్రను పిల్లి త్రాగడానికి వంచి, పిల్లి అపవిత్రమైనది కాదనీ, అది మన ఇళ్లలో మన చుట్టూ తిరిగే ప్రాణులలోనిదనీ ప్రవక్త (స) సెలవిచ్చినట్లు తెలిపారు. మొదటి కథలోని స్త్రీ దోషం ఎక్కడున్నదో విద్యార్థులు ఆలోచించాలి. పిల్లిని తన అధీనంలో ఉంచుకొన్నది. ఉంచుకొన్నందుకు చేయవలసిన పని చేయలేదు. తలుపు మూసిన చేయే తిండి పెట్టాలన్నది ఆ కథ సారాంశం.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో (634–644) అబూ హురైరా (రజి) బహ్రెయిన్ ప్రాంతానికి గవర్నరుగా వెళ్లారు. తిరిగి వచ్చినప్పుడు ఖలీఫా ఆయన ధనానికి లెక్క అడిగారు. గుర్రాల సంతతి వలన, తమకు లభించిన భత్యాల వలన చేరినదని ఆయన వివరించారు. మరల పదవి ఇవ్వజూపితే వద్దన్నారు. తరువాతి కాలంలో మదీనాలో కొంతకాలం అధికారం నిర్వహించవలసి వచ్చినప్పుడు కూడా కట్టెల మోపు వీపున వేసుకొని బజారులో నడచి వెళ్లేవారట. ఇంట్లో ఆయన, భార్య, సేవకుడు ముగ్గురూ రాత్రిని మూడు భాగాలు చేసుకొని, ఒకరి తరువాత ఒకరు లేచి నమాజు చేసేవారు; ఒకరి వంతు ముగియగానే మరొకరిని లేపేవారు. యజమాని, సేవకుడు అన్న భేదం ఆ వంతులలో లేదు. కూలివానిగా బ్రదికినవాడు యజమానియై కూడా వంతు మరువలేదు.

ఆయన శిష్యులలో హమ్మామ్ బిన్ మునబ్బిహ్ ఒకరు. గురువు వద్ద విన్న సుమారు 138 హదీసులను ఆయన వ్రాసి ఉంచిన సంపుటం హదీసు సాహిత్యంలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. దానిని వెలుగులోకి తెచ్చినవారు మన హైదరాబాదువారే కావడం మనకు గర్వకారణం. 1908లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా బెర్లిన్, డమాస్కస్ గ్రంథాలయాలలోని వ్రాతప్రతులను పరిశీలించి 1953లో దానిని ప్రకటించారు. 1948 తరువాత ఆయన స్వస్థలానికి దూరమై, దశాబ్దాల పాటు పారిస్ నగరంలో ప్రవాసిగా జీవించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. సుఫ్ఫాలో తలదాచుకొన్న గురువు మాటలను, పరదేశంలో తలదాచుకొన్న పండితుడు లోకానికి మరల అందించారు.

హిజ్రీ 57–59 మధ్య, అనగా క్రీ.శ. 676–679 ప్రాంతంలో, 78 ఏళ్ల వయస్సులో అబూ హురైరా (రజి) పరమపదించారు. మదీనాలోని జన్నతుల్ బఖీ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు.

ఇక మన గుమ్మంలోని కూన సంగతి. మహనీయులకును మూగజీవాలకును పోలిక తెచ్చే సాహసం మేము చేయము. అయితే ఆశ్రయమిచ్చే మర్యాద ఎక్కడైనా ఒక్కటే. అల్లాహ్ సృష్టించిన ప్రాణి స్వభావమెరిగి మసలుకొనడం ఆ మర్యాదలో భాగం.

పిల్లి తన చోటును వాసనతో గుర్తుపట్టే జంతువు. గోడలకు, తలుపులకు, మన కాళ్లకు బుగ్గలు రుద్ది తన వాసన అంటించుకొంటుంది. అది దానికి ఇంటి పట్టా వంటిది. అందులోకి తెలియని వాసన హఠాత్తుగా వస్తే దానికి తోచేది ఆపదే. కనుక కొత్త కూనను తెచ్చిన రోజుననే పాతదాని ముందు దింపరాదు. మొదట పశువైద్యునికి చూపి, టీకాలు వేయించి, ఒకటి రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. వేరే గది లేని ఇంట్లో వరండాలో తడక కట్టినా చాలును. కూన పడుకొన్న గుడ్డను పాతదాని వద్ద, పాతదాని గుడ్డను కూన వద్ద ఉంచితే ముఖాలు చూడక మునుపే వాసనలు పరిచయమవుతాయి. తరువాత మూసిన తలుపుకు ఇరువైపుల రెండింటికీ తిండి పెట్టాలి. అవతలి వాసన వచ్చినప్పుడెల్లా కడుపు నిండుతుంటే భయం క్రమంగా తగ్గుతుంది. ఆ పిమ్మట తడక సందుల నుండి చూడనివ్వాలి. చివరకు మన కళ్ల ముందు కొద్దిసేపు కలవనివ్వాలి. దీనికి కొన్ని వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. తొందరపడితే మొదటికి వస్తుంది.

గిన్నెలు వేరువేరుగా, దూరదూరంగా ఉండాలి. ఇసుక తొట్టెలు పిల్లుల సంఖ్య కంటె ఒకటి ఎక్కువ ఉండడం మంచిది. అటకో, అలమారో, ఎక్కి కూర్చుండే ఎత్తైన చోటు రెండింటికీ ఉండాలి; దౌస్ కాపరి చూపిన చెట్టుకొమ్మను ఇక్కడ స్మరించుకొనవచ్చు. పాలు పిల్లికి అమృతమని మనవారి నమ్మకం గాని, ఎదిగిన పిల్లులలో చాలావాటికి ఆవు, గేదె పాలు అరగక విరేచనాలవుతాయి; చేప, కోడిమాంసం, మంచినీరు మేలు. అన్నింటికంటె ముఖ్యంగా పాతదానికి మొదట పెట్టాలి, మొదట పలకరించాలి. అది బుసకొడితే కర్ర తీయరాదు. పిల్లలను గీరినా, కరచినా గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎంత ప్రయత్నించినా కొన్ని పిల్లులు స్నేహితులు కావు. ఒకదాని దారికి మరొకటి అడ్డు రాకుండా ఒకే కప్పు కింద మెలగితే అదియే విజయమనుకొనాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు రేపు హాస్టలు గదిలోకో, కొలువులోకో, మరొక ఇంటికి కోడలిగానో కొత్తవారై అడుగుపెడతారు. మరికొన్నాళ్లకు మీరే పాతవారై, మీ గడపలోకి కొత్తవారు వస్తారు. కొత్తవారైననాడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వలె బజారు దారి మాత్రమే అడగండి. పాతవారైననాడు పాల పాత్ర పట్టుకొని అందరికీ అందించిన పిల్లికూన తండ్రిని తలచుకొనండి. ఇంటిపెద్దలైననాడు మాత్రం ఆ పంచే చేతులు కూడా ఆకలిగొన్నవేనని మరువకండి.